బైసెక్సువల్ అంటే ఎవరు? ఒక్క మాటలో ఇరుక్కున్న మూడు ప్రశ్నలు

క్లుప్తంగా: ఒకటి కంటే ఎక్కువ జెండర్ల వాళ్ల మీద ప్రేమ గానీ, శారీరక ఆకర్షణ గానీ కలిగే మనిషిని బైసెక్సువల్ అంటున్నారు. ఆ ఆకర్షణ ఇద్దరి మీదా సమానంగా ఉండాలని లేదు, ఒకేసారి ఉండాలనీ లేదు. తెలుగులో దీనికి వాడుతున్న ‘ద్విలింగ సంపర్కం’ అనే మాట శరీరాన్ని, చర్యను గుర్తుచేస్తుంది, అసలు విషయమైన ఆకర్షణను వదిలేస్తుంది. గందరగోళంలో సగం అక్కడే పుడుతోంది. మిగతా సగానికి కారణాలు సర్వేల్లో, చట్టంలో, పెళ్లి అనే వ్యవస్థలో ఉన్నాయి.

మందార పువ్వుతో మొదలైన చిక్కు

మందార పువ్వును నిలువుగా కోసి చూపించే సైన్స్ పాఠం తెలుగు మీడియంలో చదివిన చాలామందికి గుర్తుంటుంది. మధ్యలో సన్నటి గొట్టం, దాని చుట్టూ పసుపు పుప్పొడి అంటిన కేసరాలు. ఆ గొట్టం లోపలి నుంచే పైకి వచ్చి ఐదు చిన్న బొడిపెలుగా విచ్చుకున్న కీలాగ్రం. అడుగున అండాశయం. మగ భాగం, ఆడ భాగం ఒకే పువ్వులో ఉన్నాయి కాబట్టి ఇది ద్విలింగ పుష్పం అని టీచరు బోర్డు మీద రాస్తారు. గుమ్మడి పాదుకి మగ పువ్వు వేరు, కింద చిన్న పిందెతో పూసే ఆడ పువ్వు వేరు. అవి ఏకలింగ పుష్పాలు. వానపాము పాఠానికి వచ్చేసరికి ‘ఉభయలింగ జీవి’ అన్న మాట కూడా వచ్చేస్తుంది.

పదేళ్ల తర్వాత అదే పిల్లవాడు పేపర్లో ‘ద్విలింగ సంపర్కులు’ అని చదివితే అతనికి తట్టేది ఆ మందార పువ్వే. రెండు రకాల అవయవాలు ఉన్న మనిషి అనుకుంటాడు. లేదా హిజ్రాలకు మరో పేరు అనుకుంటాడు. తప్పు అతనిది కాదు. తెలుగులో ‘లింగం’ ఒక్కటే మాట చాలా బరువు మోస్తోంది. శరీర నిర్మాణమూ లింగమే, ‘లింగ వివక్ష’ అన్నప్పుడు సమాజంలో ఆడా మగా తేడా కూడా లింగమే, వ్యాకరణంలో స్త్రీలింగం, పుంలింగం కూడా లింగమే. దాని ముందు ‘ద్వి’ చేరిస్తే ఎవరికి తోచిన అర్థం వాళ్లు తీసుకుంటారు.

ఇక ‘సంపర్కం’ ఇంకో రకంగా దారి తప్పిస్తుంది. సంపర్కం అంటే కలయిక, అంటే ఒక చర్య. ఎవరినీ ముట్టుకోని పద్దెనిమిదేళ్ల అబ్బాయిని ఎవరూ ‘భిన్నలింగ సంపర్కుడు’ అనరు. అయినా అతనికి అమ్మాయిలంటే ఇష్టం ఉండొచ్చని అందరికీ తెలుసు. ఈ అవకాశం బైసెక్సువల్ మనిషికి కూడా ఉండాలి. ఎవరితోనూ ఏ సంబంధమూ లేకపోయినా తన మనసు ఎటు మొగ్గుతోందో మనిషికి తెలుస్తుంది. ఆ మొగ్గునే ఇంగ్లిష్‌లో ఓరియంటేషన్ అంటున్నారు.

అందుకే మూడు విషయాలను విడివిడిగా పెట్టుకోవాలి. పుట్టుకతో శరీరం ఎలా ఉందన్నది ఒకటి. ఆడా మగా అన్న మామూలు కొలతలకు సరిపోని శరీర లక్షణాలతో పుట్టినవాళ్లను ఇంటర్‌సెక్స్ అంటారు. తనను తాను ఆడగా భావిస్తున్నారా, మగగా భావిస్తున్నారా, వేరుగానా అన్నది రెండోది, అది జెండర్. ట్రాన్స్‌జెండర్ అన్న మాట ఇక్కడికి చెందుతుంది. ఎవరి మీద మనసు పోతుందన్నది మూడోది. బైసెక్సువల్ అన్న మాట పూర్తిగా ఈ మూడో ప్రశ్నకు జవాబు. కాబట్టి ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ బైసెక్సువల్ కావచ్చు, కాకపోవచ్చు. ఆ రెండు సంగతులకూ ముడి లేదు. తెలుగులో కొందరు వాడుతున్న ‘ఉభయ లైంగికత’ కొంత నయమే గానీ, వానపాము పాఠం నీడ దాని మీదా పడుతూనే ఉంది. ఆ మొగ్గు ఉన్నవాళ్లు తమ గురించి మామూలుగా చెప్పుకునేది ‘బై’ అనే.

ఇంగ్లిష్ మాట కూడా ఇదే దారిలో వచ్చింది

ఈ తికమక తెలుగుకే పరిమితం అనుకుంటే పొరపాటు. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లిష్‌లోనూ బైసెక్సువల్ అంటే మొక్కల్లో, జంతువుల్లో రెండు రకాల అవయవాలూ ఉండటమే. మనుషుల ఆకర్షణ గురించి ఈ మాట వాడటం 1892లో మొదలైందని సాధారణంగా చెబుతారు. క్రాఫ్ట్-ఎబింగ్ అనే వైద్యుడు జర్మన్‌లో రాసిన మానసిక వైద్య గ్రంథాన్ని అమెరికా వైద్యుడు చార్లెస్ గిల్బర్ట్ చాడక్ ఆ ఏడాది ఇంగ్లిష్‌లోకి తెచ్చాడు. తర్వాత ఫ్రాయిడ్ 1905 నాటి వ్యాసాల్లో ప్రతి మనిషిలోనూ మగతనం, ఆడతనం రెండూ పుట్టుకతో ఉంటాయన్న అర్థంలో ఈ మాటను నడిపించాడు. అంటే కొన్ని దశాబ్దాల పాటు ఒకే మాట శరీరాన్ని, మనస్తత్వాన్ని, ఆకర్షణను మూడింటినీ సూచించింది. ఇవాళ చర్చల్లో వినపడే చాలా వాదనలు ఆ పాత పొరల్లోంచే లేస్తున్నాయి.

ఆకర్షణ అన్న అర్థం గట్టిపడింది ఆల్ఫ్రెడ్ కిన్సే చేతుల్లో. ఆయన వైద్యుడు కాదు, జంతుశాస్త్రవేత్త. గాల్ వాస్ప్ అనే చిన్న కందిరీగ జాతి పురుగులను లక్షల్లో సేకరించి, ఏ రెండూ అచ్చం ఒకేలా ఉండవని గమనించిన మనిషి. ఆ అలవాటుతోనే మనుషుల లైంగిక జీవితాల మీద వేల ఇంటర్వ్యూలు చేసి, 1948లో పురుషుల గురించి, 1953లో స్త్రీల గురించి నివేదికలు వెలువరించాడు. మనుషులను రెండు దొడ్లలో తోలి తలుపు వేసే బదులు సున్నా నుంచి ఆరు వరకు ఒక స్కేలు గీశాడు. సున్నా అంటే పూర్తిగా అవతలి లింగం వైపు. ఆరు అంటే పూర్తిగా తన లింగం వైపు. మధ్యలో ఒకటి నుంచి ఐదు దాకా రకరకాల పాళ్లు. ఎవరి మీదా లైంగిక స్పందన లేనివాళ్లకు వేరే గుర్తు పెట్టాడు.

కిన్సే ఇచ్చిన శాతాలను ఇవాళ ఎవరూ అలాగే తీసుకోరు. ఆయన జనాభా నుంచి శాస్త్రీయంగా నమూనా తీయలేదు, ముందుకొచ్చినవాళ్లను, జైళ్లలో ఉన్నవాళ్లను కూడా కలిపేశాడు. అయినా ఆ స్కేలు నిలబడింది. ఎందుకంటే ‘అటా ఇటా’ అన్న ప్రశ్నను అది ‘ఎంత’ అన్న ప్రశ్నగా మార్చేసింది.

ఆ స్కేలులో ఒక లోపం ఉంది. అది తక్కెడలా పనిచేస్తుంది. ఒక పక్క పెరిగితే రెండో పక్క తగ్గాల్సిందే. స్త్రీల మీదా, పురుషుల మీదా బలమైన ఆకర్షణ ఉన్న మనిషి, ఇద్దరి మీదా చాలా కొద్దిపాటి ఆకర్షణ ఉన్న మనిషి ఇద్దరూ మూడు దగ్గరే కూర్చుంటారు. నిజానికి ఒకరి మీద ఇష్టం ఉన్నంత మాత్రాన ఇంకొకరి మీద ఇష్టం తరిగిపోదు. ‘బై అంటే సగం సగం’ అన్న అపోహకు ఈ తక్కెడ బొమ్మ కూడా ఊతమిస్తుంది.

ఇరవై ఒక్క గళ్ల పట్టిక

ఈ లోటు పూడ్చాలని ప్రయత్నించినవాడు ఫ్రిట్జ్ క్లీన్. వియన్నాలో పుట్టి అమెరికాలో పనిచేసిన మానసిక వైద్యుడు. బైసెక్సువల్ జీవితాల గురించి 1978లో ఒక పుస్తకం రాశాడు. ఆయన తయారుచేసిన పట్టికలో ఏడు వరుసలు: ఆకర్షణ, నడవడి, ఊహలు, మనసు పంచుకునే ఇష్టం, ఎవరితో కలిసి తిరగడం ఇష్టమన్నది, జీవన విధానం, తనను తాను ఏమని పిలుచుకుంటున్నారన్నది. ఒక్కో వరుసకు మూడు గళ్లు: గతం, ఇప్పుడు, మనసు కోరుకునేది. మొత్తం ఇరవై ఒక్క గళ్లు. ప్రతి గడిలో ఒకటి నుంచి ఏడు దాకా ఒక అంకె వేయాలి. ఒకటి అవతలి లింగం వైపు, ఏడు తన లింగం వైపు.

ఈ పట్టికను తెలుగు జీవితానికి పట్టి చూస్తే విషయం తేటపడుతుంది. నలభై ఏళ్ల ఒక స్కూల్ టీచర్‌ని ఊహించుకుందాం. పెళ్లై పదిహేనేళ్లు, ఇద్దరు పిల్లలు, భర్త అంటే నిజంగా ప్రేమ. కాలేజీ హాస్టల్లో ఉన్నప్పుడు ఒక స్నేహితురాలి మీద కలిగిన ఇష్టం స్నేహం కాదని ఆమెకి అప్పుడే తెలుసు, నోటితో మాత్రం ఎప్పుడూ అనలేదు. ఆకర్షణ వరుసలో ఆమె గతానికి నాలుగు వేయొచ్చు, ఇప్పటికీ నాలుగే వేయొచ్చు. నడవడి వరుసలో అన్ని గళ్లలో ఒకటి. జీవన విధానం దగ్గర కూడా ఒకటే. ఆఖరి వరుసలో గతానికి ఒకటి వేసి, ఇప్పటికి వచ్చేసరికి పెన్ను ఆగుతుంది. కిన్సే స్కేలు ఒకే అంకె అడుగుతుంది. ఈమెకి ఏ అంకె ఇవ్వాలి? ఆకర్షణ చూస్తే ఒక అంకె, జీవితం చూస్తే ఇంకో అంకె. పట్టిక చేసిన మేలు ఇదే: రెండు జవాబులూ నిజమే అని ఒప్పుకుంది.

ఒక్క వరుస దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. ఎవరితో కలిసి తిరగడం ఇష్టం అన్న ప్రశ్న అమెరికాలో ఏదైనా చెబుతుందేమో గానీ, మన దగ్గర దాదాపు ఏమీ చెప్పదు. పెళ్లిలో ఆడవాళ్లంతా ఒక గదిలో, మగవాళ్లంతా పందిట్లో కూర్చునే సమాజం ఇది. మగ స్నేహితులు భుజాల మీద చేతులు వేసుకుని నడుస్తారు, ఆడవాళ్లు ఒకరి జడ ఒకరు వేసుకుంటారు. ఈ వరుసలో ఊరంతా ఆరూ ఏడూ వేస్తుంది. వేరే నేల మీద తయారైన కొలబద్దను అలాగే తెచ్చి పెడితే లెక్క ఇలా తప్పుతుంది.

ఆకర్షణ, నడవడి, పేరు

పరిశోధకులు తర్వాత ఈ ఏడు వరుసలను మూడింటికి కుదించారు: ఆకర్షణ, నడవడి, తనకు తాను పెట్టుకునే పేరు. ఇవి ఒకదానితో ఒకటి ఎంత తక్కువ కలుస్తాయో అమెరికాలో 1992లో జరిగి 1994లో వెలువడిన జాతీయ సర్వే చూపించింది. సొంత లింగం వైపు ఏదో ఒక రకమైన కోరికో, అనుభవమో, గుర్తింపో ఉందన్న పురుషులు 10.1 శాతం. తమను గే (అంటే పురుషుల మీదే ఆకర్షణ ఉన్న పురుషుడు) లేదా బైసెక్సువల్ అని పిలుచుకున్న పురుషులు 2.8 శాతమే. స్త్రీలలో ఆ అంకెలు 8.6, 1.4. ఒకే సర్వే, ఒకే మనుషులు. ప్రశ్న మారితే జవాబు పురుషుల్లో మూడున్నర రెట్లు, స్త్రీలలో ఆరు రెట్లు మారింది.

భారత్‌లో ఈ సంగతిని ముందుగా పట్టించుకున్నది ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నాకో తన పత్రాల్లో గే, బైసెక్సువల్ అని కాకుండా ‘ఎంఎస్ఎం’, అంటే పురుషులతో సెక్స్‌లో పాల్గొనే పురుషులు అని రాస్తుంది. వాళ్లలో చాలామంది పెళ్లైనవాళ్లు, తమకు ఏ పేరూ పెట్టుకోనివాళ్లు. వైరస్‌కి పేరుతో పని లేదు, నడవడితోనే పని కాబట్టి ఆ పదం అక్కడ సరిపోయింది. కానీ ఆ మాటను పట్టుకుని బైసెక్సువల్ అంటే రహస్యంగా తిరిగే పెళ్లైన మగవాడు అనుకోవడం అన్యాయం. అది నడవడి గురించిన మాట. ప్రేమ గురించి, ఆకర్షణ గురించి అది ఏమీ చెప్పదు. స్త్రీల ఊసు అందులో అసలే లేదు.

‘బై’ అంటే రెండే కదా?

కొత్త తరంలో వినిపించే ప్రశ్న ఇది. జెండర్లు రెండే కాదని ఒప్పుకుంటే, ‘రెండు’ అన్న అర్థం ఉన్న మాట ఎలా సరిపోతుంది? ఈ కారణంతోనే చాలామంది పాన్‌సెక్సువల్ అన్న మాట ఎంచుకుంటున్నారు. జెండర్‌తో నిమిత్తం లేకుండా మనిషి మీద ఆకర్షణ కలగడం అని దాని అర్థం.

బైసెక్సువల్ కార్యకర్తల జవాబు ఇవాళ్టిది కాదు. 1990లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలోని బైసెక్సువల్ బృందం తమ పత్రికలో ఒక ప్రకటన వేసింది. బైసెక్సువాలిటీ అంటే రెండు ముక్కల లెక్క అనుకోవద్దని, జెండర్లు రెండే అని తాము అనడం లేదని అందులో అప్పుడే రాశారు. అమెరికా కార్యకర్త రాబిన్ ఓక్స్ ఇచ్చిన నిర్వచనం ఇప్పుడు ఎక్కువ చోట్ల వినపడుతుంది. దాని సారం ఇది: ఒకటి కంటే ఎక్కువ జెండర్ల వాళ్ల మీద ప్రేమపరంగా గానీ, శారీరకంగా గానీ ఆకర్షణ కలిగే వీలు తనలో ఉందని గుర్తించడం. ఆ ఆకర్షణ ఒకే సమయంలో, ఒకే తీరుగా, ఒకే మోతాదులో ఉండాల్సిన పని లేదు. ఇందులో ముఖ్యమైన మాట ‘వీలు’. చేసిన పనుల జాబితా ఎవరూ చూపించనక్కర్లేదు.

మాట పుట్టుక దాని అర్థాన్ని ఎల్లకాలం కట్టేసి ఉంచదు. నువ్వుల నుంచి తీసినదే నూనె, తిలల నుంచి వచ్చినదే తైలం. అయినా కొబ్బరి నూనె అంటే ఎవరూ అభ్యంతరం చెప్పరు, పల్లీ నూనె సీసా మీద పేరు మార్చమని అడగరు. ‘బై’ కూడా అలాగే పెరిగిన మాట. ఎవరికి ఏ పేరు సుఖంగా ఉంటే అది వాళ్లు పెట్టుకుంటున్నారు. బై, పాన్ రెండూ వాడేవాళ్లూ ఉన్నారు. బయటివాళ్లు కూర్చుని ఒకరి పేరు తప్పని తేల్చడంలో అర్థం లేదు.

నమ్మకపోవడానికి సైన్స్ సాయం

నిర్వచనం కుదిరినా, బైసెక్సువల్ మనుషులు నిజంగా ఉన్నారన్న నమ్మకం కుదరలేదు. 2005లో అమెరికాలో మైఖేల్ బెయిలీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం ఒక ప్రయోగం చేసింది. బైసెక్సువల్ అని చెప్పుకున్న పురుషులకు వీడియోలు చూపించి శరీర స్పందనను యంత్రంతో కొలిచారు. చాలామంది శరీరాలు ఏదో ఒక వైపే ఎక్కువగా స్పందించాయని నివేదిక రాశారు. పత్రికల్లో అది పెద్ద వార్త అయింది. ‘వీళ్లు అబద్ధమాడుతున్నారా’ అన్న ధ్వనితో శీర్షికలు పెట్టారు. ఆ ఒక్క వార్త ఎంతమందిని ఇంట్లో వాళ్ల ముందు తలదించుకునేలా చేసిందో కొలిచే యంత్రం లేదు.

2011లో మళ్లీ పరీక్షించారు. ఈసారి స్త్రీలతోనూ పురుషులతోనూ నిజంగా బంధాలు ఉన్నవాళ్లను ఎంచుకున్నారు. రెండు వైపులా స్పందన కనిపించింది. 2020లో ఎనిమిది పాత అధ్యయనాల్లోని అయిదు వందల మందికి పైగా పురుషుల సమాచారం కలిపి విశ్లేషిస్తే, బైసెక్సువల్ ధోరణి పురుషుల్లో ఉందనడానికి గట్టి ఆధారం దొరికింది. ఆ పత్రం రాసినవాళ్లలో బెయిలీ కూడా ఉన్నాడు. పదిహేనేళ్ల తర్వాత తన మాటను తానే సవరించుకోవడం శాస్త్రానికి గౌరవమే. కానీ ముందు వచ్చిన వార్త తిరిగినన్ని ఊళ్లు తర్వాత వచ్చిన సవరణ తిరగలేదు.

‘ఇదొక దశ, దాటిపోతుంది’ అన్న మాటకు వేరే పరిశోధన జవాబిచ్చింది. లీసా డైమండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 79 మంది మహిళలను పదేళ్ల పాటు గమనించి 2008లో ఫలితాలు ప్రచురించింది. నిజంగా దశే అయితే ఏళ్లు గడిచేకొద్దీ బైసెక్సువల్ పేరు వదిలేసేవాళ్లు పెరగాలి. జరిగింది ఎదురు. ఆ పేరును గానీ, ఏ పేరూ వద్దన్న స్థితిని గానీ వదిలేసినవాళ్ల కంటే తీసుకున్నవాళ్లే ఎక్కువ.

లెక్కలో ఎక్కువ, కంటికి తక్కువ

గాలప్ సంస్థ 2024 సర్వేల ప్రకారం అమెరికాలో పెద్దవాళ్లలో 9.3 శాతం తమను ఎల్‌జీబీటీక్యూ (లెస్బియన్, గే, బైసెక్సువల్, ట్రాన్స్‌జెండర్, క్వీర్ అన్న పేర్లకు కలిపి వాడే పొట్టి మాట) అని చెప్పుకున్నారు. వాళ్లలో సగం కంటే ఎక్కువమంది, అంటే మొత్తం జనాభాలో 5.2 శాతం, బైసెక్సువల్. ఇంగ్లాండ్, వేల్స్ జనగణనలో 2021లో మొదటిసారి ఈ ప్రశ్న అడిగారు. జవాబు ఇవ్వడం ఇవ్వకపోవడం వాళ్ల ఇష్టం. గే లేదా లెస్బియన్ (స్త్రీల మీదే ఆకర్షణ ఉన్న స్త్రీ) అన్నవాళ్లు 1.5 శాతం, బైసెక్సువల్ అన్నవాళ్లు 1.3 శాతం, అంటే దాదాపు 6 లక్షల 24 వేల మంది. 7.5 శాతం మంది ఆ గడి ఖాళీగా వదిలేశారు.

ఇంతమంది ఉంటే చుట్టుపక్కల కనిపించరేం? అమెరికాలో ప్యూ సంస్థ చేసిన 2013 సర్వేలో దీనికి ఒక జవాబు దొరుకుతుంది. తమ జీవితంలో ముఖ్యమైనవాళ్లకు ఈ సంగతి తెలుసని గే పురుషుల్లో 77 శాతం, లెస్బియన్లలో 71 శాతం చెప్పారు. బైసెక్సువల్స్‌లో 28 శాతమే. స్థిరమైన బంధంలో ఉన్న బైసెక్సువల్స్‌లో 84 శాతం మంది భాగస్వామి అవతలి లింగం వ్యక్తే. బయటి నుంచి చూసేవాళ్లకి అది మామూలు సంసారం. జంటను చూసి మనిషి మొగ్గును ఊహించడం అందరి అలవాటు. ఇద్దరు మగవాళ్లు కలిసి ఉంటే ఇద్దరూ గే, ఆడా మగా కలిసి ఉంటే ఇద్దరూ స్ట్రెయిట్, అంటే అవతలి లింగం వైపే మొగ్గు ఉన్నవాళ్లు. ఈ లెక్కలో బైసెక్సువల్ మనిషి ఎప్పటికీ పట్టుబడడు.

న్యాయ పండితుడు కెంజీ యోషినో 2000లో దీని మీద లోతైన విశ్లేషణ రాశాడు. స్ట్రెయిట్ సమాజం, గే సమాజం రెండూ వేరు వేరు కారణాలతోనే అయినా బైసెక్సువల్స్‌ను లేనట్టు చూడటంలో ఒక్కటవుతాయని ఆయన వాదన. మొగ్గు అన్నది కదలకుండా ఉండాలన్న కోరిక, ఆడా మగా తేడాయే అన్నిటికన్నా ముఖ్యమన్న నమ్మకం, ఒకరికి ఒకరే అన్న కట్టుబాటుకు ముప్పు వస్తుందన్న భయం, ఈ మూడూ అందుకు కారణాలని చెప్పాడు.

మూడో భయం తెలుగు ఇళ్లలో బాగా వినిపిస్తుంది. ‘ఇద్దరూ ఇష్టమైతే ఒకరితో ఎలా కుదురుగా ఉంటారు?’ ఆకర్షణ, మాట నిలబెట్టుకోవడం రెండూ ఒకటే అనుకోవడంలో ఈ ప్రశ్న పుడుతుంది. స్త్రీలంటే ఇష్టపడే భర్త ప్రపంచంలోని స్త్రీలందరి వెంటా పడడు. పెళ్లి ప్రమాణం నడవడికి సంబంధించింది. ఎవరు ఆ మాట నిలుపుకుంటారు, ఎవరు తప్పుతారు అన్నది మనిషి గుణాన్ని బట్టి ఉంటుంది, మొగ్గును బట్టి కాదు.

‘పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయి’ అన్న పెద్దల మాటది ఇంకో కథ. గే అబ్బాయి విషయంలో ఆ మాట ఫలించదని కొన్నాళ్లకైనా బయటపడుతుంది. బై అమ్మాయి విషయంలో అది ఫలించినట్టే కనిపిస్తుంది. ఆమె భర్తను నిజంగానే ప్రేమించొచ్చు. ‘చూశారా, అప్పట్లో ఏదో టెన్షన్ పడ్డాం, ఇప్పుడు ఎంత చక్కగా ఉందో’ అని ఇల్లంతా ఊపిరి పీల్చుకుంటుంది. ఆమె సుఖంగా ఉండటమే ఆమె ఒకప్పుడు చెప్పింది అబద్ధమని రుజువైపోతుంది.

చట్టం చూసేది జంటను

స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన, 1860 నాటి ఐపీసీ (భారత శిక్షాస్మృతి)లోని 377వ సెక్షన్‌ను ఢిల్లీ హైకోర్టు 2009లో పరిమితం చేసింది, సుప్రీంకోర్టు 2013లో తిరిగి నిలబెట్టింది, 2018 సెప్టెంబర్ 6న నవ్‌తేజ్ సింగ్ జోహార్ కేసులో పెద్దల మధ్య ఇష్టపూర్వక సంబంధాలకు అది వర్తించదని తేల్చింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అలాంటి సెక్షన్ లేదు. 2014 నాటి నల్సా తీర్పు మాత్రం వేరే సంగతి. అది ట్రాన్స్‌జెండర్ గుర్తింపు గురించి, అంటే రెండో ప్రశ్న గురించి. ఈ రెండు తీర్పులనూ కలిపి మాట్లాడటం కూడా గందరగోళాన్ని పెంచింది.

పెళ్లి దగ్గర బైసెక్సువల్ మనిషి స్థితి విచిత్రంగా ఉంటుంది. స్వలింగ జంటల పెళ్లికి గుర్తింపు కోరుతూ, హైదరాబాద్‌కు చెందిన అలాంటి ఒక జంట మొదటి పిటిషనర్లుగా నడిచిన సుప్రియో కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2023 అక్టోబర్ 17న తీర్పు చెప్పింది. పెళ్లి ప్రాథమిక హక్కు కాదంది, 1954 ప్రత్యేక వివాహ చట్టాన్ని మార్చడానికి ఒప్పుకోలేదు. రివ్యూ పిటిషన్లు 2025 జనవరిలో కొట్టేశారు. కాబట్టి ఇవాళ ఒక బైసెక్సువల్ మహిళ తను ప్రేమించిన పురుషుణ్ని రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లి చేసుకోవచ్చు. అదే మహిళ అంతే ప్రేమించిన స్త్రీని చేసుకునే వీల్లేదు. మనిషి మారలేదు, మనసు మారలేదు, పక్కన నిలబడిన వ్యక్తి మారేసరికి వారసత్వం, పెన్షన్ నామినీ, ఆస్పత్రిలో సంతకం అన్నీ మారిపోయాయి. ‘నీకు రెండు దారులున్నాయి కదా, చట్టం ఒప్పుకునే దారిలోనే వెళ్లొచ్చు కదా’ అనేవాళ్లుంటారు. ప్రేమించిన మనిషిని దారి అనుకుంటే తప్ప ఆ మాట అనలేరు.

నమ్మకపోవడం వల్ల జరిగే నష్టం

ఈ అపోహలు మాటల దగ్గరే ఆగిపోతే ఇంత చర్చ అక్కర్లేదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2010 సర్వేలో, జీవిత భాగస్వామి లేదా ప్రేమికుల చేతిలో అత్యాచారమో, దాడో, వెంటాడి వేధించడమో ఎదుర్కొన్నామన్న బైసెక్సువల్ మహిళలు 61 శాతం. లెస్బియన్లలో అది 44 శాతం, స్ట్రెయిట్ మహిళల్లో 35 శాతం. ఆందోళన, డిప్రెషన్ కూడా బైసెక్సువల్స్‌లో ఎక్కువని చాలా పరిశోధనలు చెబుతున్నాయి. ఇటు కుటుంబం నమ్మదు, అటు గే స్నేహితులు ‘నువ్వు ఇంకా తేల్చుకోలేదు’ అంటారు. తోడు లేని ఒంటరితనం మనసును తినేస్తుంది.

మన దగ్గర దీనికి చికిత్స పేరుతో జరిగే బలవంతం తోడవుతుంది. తాను బైసెక్సువల్ అని ఇంట్లో చెప్పినందుకు తనను బలవంతంగా కేంద్రాల్లో పెట్టి మందులిచ్చారని కేరళకు చెందిన ఇరవై ఒక్క ఏళ్ల విద్యార్థిని 2020లో వీడియోలో చెప్పుకుంది. కొన్ని వారాల తర్వాత గోవాలో ఆమె ప్రాణాలు కోల్పోయింది. మద్రాసు హైకోర్టు 2021లో ఇలాంటి ‘మార్పిడి చికిత్స’లను నిషేధించాలని చెప్పింది, 2022లో జాతీయ వైద్య కమిషన్ వాటిని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం లైంగిక మొగ్గును బట్టి వైద్యంలో వివక్ష చూపకూడదు. రాత మీద రక్షణ ఉంది. కానీ తన బిడ్డ చెప్పింది వ్యాధి అనుకుని క్లినిక్ మెట్లెక్కే తల్లిదండ్రులకు ఆ సంగతి చెప్పేవాళ్లు తెలుగులో తక్కువ.

మన జనగణన ఈ విషయం అడగదు. ఎప్పుడైనా ఒక సర్వే తెలుగులో అడగాల్సి వస్తే అంతా ప్రశ్న రాసే తీరులోనే ఉంటుంది. ‘మీరు ద్విలింగ సంపర్కులా?’ అని అడిగితే ఆ నలభై ఏళ్ల టీచర్ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా కాదు అని టిక్కు పెడుతుంది, ఆ ప్రశ్న తన గురించి కాదనే అనుకుంటుంది. ‘ఇప్పటిదాకా మీ మనసు ఎవరి మీదకు పోయింది: మగవాళ్ల మీదకా, ఆడవాళ్ల మీదకా, ఇద్దరి మీదకూనా, వేరే ఎవరి మీదకైనానా, ఎవరి మీదకూ పోలేదా?’ అని అడిగితే మాత్రం ఆమె కాసేపు ఆగుతుంది.